గాల్వెస్టన్‌లో క్రూయిజ్ ఎక్కే ముందు రాత్రి బస ఎక్కడ? ఆరుగురం, పెద్దవాళ్లతో

ప్రశ్న: ఫ్రిస్కో వాసి

అందరికీ నమస్కారం. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ సెలవులకు గాల్వెస్టన్ ద్వీపం నుంచి బయలుదేరే రాయల్ కరీబియన్ ఓడలో ఏడు రాత్రుల ప్రయాణానికి టికెట్లు తీసుకున్నాం. ఓడ ఎక్కేది ఆదివారం. టెర్మినల్‌కు రమ్మని మాకు ఇచ్చిన సమయం మధ్యాహ్నం 12:30. మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు, వెరసి ఆరుగురం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కడం కష్టం, కాలెత్తి స్నానాల తొట్టిలోకి దిగడం అసలే కుదరదు. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు.

మా ఇంటి నుంచి రేవుకు 300 మైళ్ల పైమాటే కాబట్టి అదే రోజు పొద్దున బయలుదేరే సాహసం చేయదలచుకోలేదు. శనివారం ఉదయం కారులో బయలుదేరి ఆ రాత్రి ఎక్కడైనా పడుకోవాలని అనుకుంటున్నాం. నా ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ద్వీపంలోనే, పాత ఊరు స్ట్రాండ్ వీధి దగ్గర ఏదైనా హోటల్. రెండోది, సముద్రానికి ఎదురుగా సీవాల్ మీద గది. పిల్లలు దీనికే పట్టుబడుతున్నారు. మూడోది, ద్వీపానికి వెళ్లే వంతెనకు ఇవతలే, క్లియర్ లేక్, వెబ్‌స్టర్ ప్రాంతంలో వంటగది ఉన్న సూట్. ధర చూస్తే ఇదే అందుబాటులో ఉంది. మావారు మాత్రం హ్యూస్టన్‌కు ఉత్తరాన కాన్రో దగ్గరే ఆగిపోదామని, అక్కడైతే గదులు మరీ చవకని అంటున్నారు.

వారం రోజులు కారు ఎక్కడ పెట్టాలన్నది కూడా హోటల్‌తోనే ముడిపడి ఉన్నట్టుంది, ఎందుకంటే కొన్ని హోటళ్లు గదితో పాటు పార్కింగ్, రేవుకు షటిల్ కలిపి ఇస్తామంటున్నాయి. వీటిలో ఏది ఎంచుకోవాలో, ఎంచుకునే ముందు హోటల్ వాళ్లను ఏమేం అడగాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు: క్లియర్ లేక్ పొరుగువాడు

ముందుగా కాన్రో సంగతి. మీవారికి నా నమస్కారాలు చెప్పి, ఆ ఆలోచన మాన్పించండి. కాన్రోలో ఆగితే హ్యూస్టన్ మహానగరం మొత్తం ఆదివారం పొద్దుటికి మిగిలిపోతుంది. ఊరి నడిబొడ్డున 45వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద రోడ్డు పనుల కోసం లేన్లు మూసేది ఎక్కువగా వారాంతాల్లోనే. గదిలో ఆదా అయిన డబ్బు మర్నాడు ఆందోళన కింద వడ్డీతో సహా కట్టుకోవలసి వస్తుంది.

ద్వీపమా, వంతెనకు ఇవతలి ఒడ్డా అన్నదాంట్లో నేను ఒడ్డు పక్షం. వెబ్‌స్టర్ నుంచి రేవుకు రోడ్డు ఖాళీగా ఉంటే అరగంటకు కాస్త పైన పడుతుంది. స్ప్రింగ్ బ్రేక్ శనివారం నాడు ద్వీపంలో గది ధరలు ఒక్కసారిగా ఎగబాకుతాయి. కొన్నిచోట్ల కనీసం రెండు రాత్రులు తీసుకోవాలన్న నిబంధన కూడా పెడతారు. పెద్దవాళ్ల భోజనం సంగతి కూడా ఆలోచించండి. హ్యూస్టన్‌లో హిల్‌క్రాఫ్ట్ వీధి చుట్టుపక్కల శాకాహార హోటళ్లకు కొదవ లేదు. మధ్యాహ్నం అక్కడ భోంచేసి, పియర్‌ల్యాండ్‌లో మీనాక్షి అమ్మవారి దర్శనం చేసుకుని, సాయంత్రానికి వెబ్‌స్టర్ చేరుకోవచ్చు. ద్వీపంలో దొరికేదంతా చేపలూ రొయ్యలే. సూట్‌లో పొయ్యి ఉంటే అత్తగారు పొద్దున్నే ఉప్మా కలిపేయగలరు, ఆమెకూ తృప్తిగా ఉంటుంది.

పార్కింగ్, షటిల్ కలిపి ఇచ్చే ప్యాకేజీల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మా బంధువులు దిగిన ఒక హోటల్‌లో షటిల్ అంటే ఉన్నది ఒకే ఒక్క వ్యాన్. రాత్రి చెక్-ఇన్ చేసినప్పుడే కాగితం మీద పేరు రాయించుకున్న వాళ్లకు మొదటి ట్రిప్పు, ఆ సంగతి తెలియని వాళ్లకు ఆఖరి ట్రిప్పు. కారు హోటల్ ఆవరణలోనే ఉంటుందా, వేరే ఎక్కడో ఖాళీ స్థలంలో పెడతారా, తిరిగొచ్చిన రోజు రేవు నుంచి తీసుకెళ్లడం కూడా ఆ ధరలో కలిసి ఉందా అన్న మూడు ప్రశ్నలకూ ఈమెయిల్‌లో రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. మీకు సొంత కారుంది, పాపకు కార్ సీటు ఉంది, ఆరుగురి పెట్టెలున్నాయి. ఇంత సరంజామాతో షటిల్ కోసం నిరీక్షించడం కన్నా నేరుగా రేవు వాళ్ల పార్కింగ్‌లో ముందే చోటు బుక్ చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

జవాబు: ద్వీపవాసి

పై మిత్రుడు చెప్పిన షటిల్ సంగతితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఒడ్డున ఆగమన్న సలహాతో మాత్రం ఏకీభవించలేను, దానికి కారణం నెల. మార్చి అంటే ఇక్కడ పొగమంచు కాలం ఇంకా ముగియదు. చలికాలం చివర గల్ఫ్ మీది వెచ్చని తేమగాలి తీరం దగ్గరి చల్లని నీళ్ల మీదికి రాగానే సముద్రం మీద దట్టంగా మంచు కమ్ముకుంటుంది. అప్పుడు రేవులోకి ఓడలను నడిపించి తెచ్చే పైలట్లు ఓడల రాకపోకలను ఆపేస్తారు. మీరు ఎక్కవలసిన ఓడ పొద్దున రేవుకు చేరలేక బయటే లంగరు వేసుకుని ఉండిపోతే, మీ 12:30 కాస్తా సాయంత్రానికి జరగవచ్చు. ఇది ఏటా జరిగేదే. ఓడ కంపెనీ వాళ్లు ఫోనుకు సందేశం పంపుతారు కాబట్టి బుకింగ్‌లో మీ నంబరు సరిగా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

కాబట్టి ముందు రోజు రాత్రి హోటల్‌ను ఆ రాత్రి నిద్రను బట్టి కాక, మర్నాడు 11 గంటలకు గది ఖాళీ చేసిన తర్వాత మీ ఆరుగురూ ఎక్కడ కూర్చుంటారన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి. జాప్యం లేకపోయినా 11కీ 12:30కీ మధ్య ఎలాగూ ఖాళీ ఉంది. హైవే పక్కన ఉండే చిన్న హోటళ్లలో లాబీ అంటే నాలుగు కుర్చీలూ ఒక కాఫీ యంత్రమూ, అంతే; అక్కడ మోకాళ్ల నొప్పులున్న మనిషిని నాలుగు గంటలు ఎలా కూర్చోబెడతారు? ద్వీపంలో పెద్ద హోటల్ అయితే సోఫాలున్న లాబీ ఉంటుంది, పెట్టెలు దాచిపెడతారు, అడిగితే కొంత రుసుముతో గది మరో గంటో రెండు గంటలో ఉంచుకోనిస్తారు. మూడీ గార్డెన్స్ హోటల్‌లో దిగితే పక్కనే పిరమిడ్ ఆకారంలో కట్టిన అక్వేరియం ఉంది. ఓడ ఎంత ఆలస్యమైనా పిల్లలకు పొద్దు పోతుంది, పెద్దవాళ్లకు నీడ ఉంటుంది. రేవుకు కాస్త దూరమే, కారులో పావుగంట పడుతుంది, అయితే వంతెన దాటే పని మాత్రం ఉండదు.

ఆ వంతెనే నా రెండో కారణం. ద్వీపానికి అసలు దారి 45వ ఇంటర్‌స్టేట్ మీది కాజ్‌వే. అది కాకుండా పడమటి కొసన శాన్ లూయిస్ పాస్ దగ్గర టోల్ వంతెన, తూర్పున బొలివర్ నుంచి ఉచిత ఫెర్రీ ఉన్నాయి గాని, హ్యూస్టన్ వైపు నుంచి వచ్చేవారికి రెండూ చాలా చుట్టు. పొగమంచులో కాజ్‌వే మీద ఒక్క ప్రమాదం జరిగినా వాహనాలు మైళ్ల కొద్దీ నిలిచిపోతాయి. ఓడ కదలడానికి గంట, గంటన్నర ముందే ఎక్కించుకోవడం ఆపేస్తారన్నది మరిచిపోకూడదు. రెండు మూడు ఓడలున్న వారాంతంలో ఓడలు దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ కలిసి రేవు ముందున్న హార్బర్‌సైడ్ డ్రైవ్ రోడ్డును ఎలాగూ స్తంభింపజేస్తారు.

ఇక ద్వీపంలో ఎక్కడ అన్నది మీ టెర్మినల్‌ను బట్టి ఉంటుంది. రాయల్ కరీబియన్ వాళ్లది 2022 నవంబరులో తెరిచిన 10వ నంబరు టెర్మినల్. అది స్ట్రాండ్‌కు తూర్పున, కాస్త ఎడంగా ఉంటుంది. పియర్ 21 దగ్గరి హోటల్ నుంచి ఓడకు నడిచిపోవచ్చని చాలామంది రాస్తూ ఉంటారు. అది 25వ నంబరు టెర్మినల్‌కు వెళ్లేవారికి నిజమే గాని, పెద్దవాళ్లతో, పెట్టెలతో 10వ నంబరుకు నడిచే దూరం కాదు. స్ట్రాండ్ పరిసరాల్లో పాతకాలపు కట్టడాలు ఎంతో అందంగా ఉంటాయి. ట్రెమాంట్ హౌస్ హోటల్ ఉన్న భవనం 1879 నాటిది. అయితే శనివారం రాత్రి బార్ల సందడి అర్ధరాత్రి దాటేదాకా వినిపిస్తుంది, కాబట్టి వీధి వైపు గది వద్దని చెప్పుకోవాలి. సీవాల్ మీద సముద్రం కనిపించే గదులు ముచ్చటగానే ఉంటాయి. స్ప్రింగ్ బ్రేక్‌లో అక్కడి రద్దీ, రాత్రిపూట మోటార్ సైకిళ్ల మోత పెద్దవాళ్లకు పడకపోవచ్చు. పైగా అక్కడి చవక మోటెళ్లలో కొన్నిటికి బయటి వైపు మెట్లే తప్ప లిఫ్టు ఉండదు.

జవాబు: గుంటూరు ఆడపడుచు

ఎక్కడ దిగాలన్నది పై ఇద్దరూ చర్చించారు. నేను గది లోపలి సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఆ స్నానాల తొట్టి.

రెండు క్వీన్ మంచాలుండే గదుల్లో చాలా హోటళ్లు తొట్టి స్నానాల గదే పెడతాయి. దాని అంచు దాదాపు మోకాలి ఎత్తుంటుంది; లోపలి అడుగు తడిస్తే జారుతుంది, పట్టుకోవడానికి ఒక్కోసారి తెర తప్ప ఏమీ ఉండదు. యాక్సెసిబుల్ రూమ్ అని బుక్ చేస్తే సరిపోతుందనుకోకండి, ఆ రకం గదుల్లో కూడా పట్టుకునే కడ్డీలు బిగించిన తొట్టి ఉన్నవి వేరు, గడప లేకుండా నేరుగా నడిచి వెళ్లే రోల్-ఇన్ షవర్ ఉన్నవి వేరు. వెబ్‌సైట్‌లో గది వివరణ చదివి, ఆ తర్వాత హోటల్‌కే ఫోన్ చేసి ఏ రకమో అడగండి. కంపెనీ వాళ్ల ఉమ్మడి కాల్ సెంటర్‌కు ఆ వివరాలు ఎప్పుడూ సరిగా తెలియవు. నా సలహా ఏమిటంటే, అత్తగారికీ మామగారికీ వాక్-ఇన్ షవర్ ఉన్న కింగ్ గది ఒకటి, మీ నలుగురికీ రెండు క్వీన్ మంచాల గది ఒకటి తీసుకోండి. ఆరుగురిని ఒకే గదికి ఒప్పుకోరు, నలుగురని చెప్పి ఆరుగురు దూరడం పెద్దవాళ్ల ఎదుట మర్యాదగానూ ఉండదు. రెండు గదుల మధ్య లోపలి తలుపు ఉండాలంటే కనెక్టింగ్ అని అడగాలి. అడ్జాయినింగ్ అంటే పక్కపక్కన ఉంటాయన్న మాటే గాని, మధ్య తలుపు ఉంటుందన్న హామీ లేదు. కనెక్టింగ్ గదులు అన్ని రకాల్లోనూ దొరకవు గనుక, రెండిట్లో ఒకటే కుదిరితే తలుపు వదులుకుని షవర్ తీసుకోండి.

ఉచిత అల్పాహారం మీద కూడా అంత ఆశ పెట్టుకోకండి. గుడ్డు తినని వాళ్లకు అక్కడ మిగిలేది ఓట్‌మీల్, టోస్టు, పండ్లు, పెరుగు మాత్రమే. వాఫుల్ పిండిలో గుడ్డు ఉంటుంది. ఇంటి నుంచి పులిహోర, ఊరగాయ తెచ్చుకుంటే శనివారం రాత్రికి సరిపోతుంది. ఉడికించిన పదార్థాలు ఓడలోకి తీసుకెళ్లనివ్వరు కాబట్టి మిగలకుండా కలపండి.

ధర పోల్చేటప్పుడు పన్ను కలిపి చూడండి. గాల్వెస్టన్‌లో హోటల్ పన్ను 15 శాతం, హ్యూస్టన్ నగరంలో 17 శాతం. సీవాల్ మీద కొన్ని హోటళ్లు రిసార్ట్ రుసుమనీ రాత్రి పార్కింగనీ మరికొంత జోడిస్తాయి. డబ్బు వాపసు రాని చవక ధరకు ఆశపడవద్దు. పెద్దవాళ్ల ఆరోగ్యం, పిల్లల జ్వరాలు మన చేతిలో ఉండవు. రద్దు చేసుకునే గడువు కొన్నిచోట్ల ఒక రోజు, మరికొన్నిచోట్ల మూడు రోజులు, అది రసీదు మీద చూసుకోండి.

ఫ్రిస్కో వాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. పొగమంచు సంగతి నాకు తట్టనే లేదు. దాంతో మావారు కూడా కాన్రో మాట మానేశారు. హిల్‌క్రాఫ్ట్‌లో భోజనం, పియర్‌ల్యాండ్‌లో దర్శనం ముగించుకుని చీకటి పడేలోపు కాజ్‌వే దాటేద్దామని నిశ్చయించుకున్నాం. మూడీ గార్డెన్స్ వైపే మొగ్గు చూపుతున్నాను, రోల్-ఇన్ షవర్ గురించి రేపు ఫోన్ చేస్తాను. ఒక్క సందేహం మిగిలింది. ఆదివారం పొద్దున ముందు కారు పార్కింగ్‌లో పెట్టి అందరం కలిసి టెర్మినల్‌కు రావాలా, లేక అత్తగారిని ముందే దింపవచ్చా?

ద్వీపవాసి

ముందే దింపండి. టెర్మినల్ ముందు కారు ఆపగానే పోర్టర్లు పెద్ద పెట్టెలు తీసుకుంటారు, పెట్టెకో రెండు డాలర్ల చొప్పున చేతిలో పెట్టడం ఆనవాయితీ. మీరూ పెద్దవాళ్లూ పిల్లలూ అక్కడే దిగితే మీవారు ఒక్కరే వెళ్లి కారు పెట్టి వస్తారు. అత్తగారికి చక్రాల కుర్చీ కావాలంటే ఓడ కంపెనీకి ఇప్పుడే చెప్పి ఉంచండి, అప్పటికప్పుడు అడిగితే చాలాసేపు ఆగవలసి వస్తుంది. పాస్‌పోర్టులు, పెద్దవాళ్ల మందులు ఆ పెద్ద పెట్టెల్లో పెట్టకండి, అవి మీ గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. లగేజీ ట్యాగులు ఇంట్లో ముద్రించుకోవడం కుదరకపోతే శనివారం రాత్రే హోటల్ రిసెప్షన్‌లో అడగండి. కాగితాలతో పాటు స్టేప్లర్ కూడా ఇస్తారు. పొద్దున్న అయితే అదే పని మీద వచ్చినవాళ్లు మీకు ముందే వరసలో నిలబడి ఉంటారు.