పాత ఫైళ్లు, సీపీయూలు: కేజీల లెక్కన అమ్మేద్దామా, నాశనం చేద్దామా?

గవర్నర్‌పేట అకౌంటెంట్
విజయవాడలో మాది ట్యాక్స్ ఆఫీసు. నెలాఖరుకి ఖాళీ చేయాలి. అటక నిండా పాత ఫైళ్లు, గోనెసంచుల్లో క్లయింట్ల ఆధార్, పాన్ జిరాక్సులు, క్యాన్సిల్ చేసిన చెక్కులు. పాత సీపీయూలు, అద్దెకు తీసుకున్న పెద్ద జిరాక్స్ మిషన్ సరేసరి. కాగితాలు తూకానికి వేసేసి, సీపీయూలు ఫార్మాట్ కొట్టి వాళ్ల ఊరి హైస్కూలుకి ఇచ్చేద్దామంటున్నారు మా సార్. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

ఆటోనగర్ స్పేర్స్
మీ సార్ చెప్పిందే నయమండి. మేం ఎప్పట్నుంచో పాత పేపర్ల కొట్టుకే వేస్తున్నాం. అవి మిల్లుకెళ్లి గుజ్జయిపోతాయి. ఇంక నడిచే కంప్యూటర్ని సుత్తితో పగలగొట్టడమంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ బళ్లో పిల్లలు ఒక్క సిస్టం ముందు పది మంది కూర్చుంటున్నారు.

బ్రాడీపేట సర్వీస్
అన్నా, అన్నీ మిల్లుకెళ్తాయన్నది సగమే నిజం. ఒకవైపు ఖాళీగా ఉన్న తెల్లకాగితాన్ని విడిగా ఏరి పొట్లాలకు అమ్ముతారు. మా గుంటూరులోనే బజ్జీల పొట్లం విప్పితే ఇంటి లోను దరఖాస్తులో ఒక పేజీ కనపడింది. పేరు, జీతం, ఫోను నంబరు, కింద సంతకం. నూనె పీల్చి కాగితం పారదర్శకమైంది గానీ సంతకం చెక్కుచెదరలేదు. ఆ మనిషి ఎవరో, బ్యాంకులో ఎవర్ని నమ్మి ఇచ్చాడో!

కంప్యూటర్ల సంగతి. క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక ఒక్కటే చింపడం. పాఠాలన్నీ లోపలే ఉంటాయి, ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో మీ లెక్కలు రాసే ట్యాలీ డేటా లేచి కూర్చుంటుంది. హార్డ్ డిస్క్ అయితే మొత్తం ఒకసారి సున్నాలతో నింపి, నిండిందో లేదో చూసుకుంటే చాలు. చిప్పుల్లో డేటా దాచే కొత్తరకం డ్రైవు ఎస్‌ఎస్‌డీకి అది చాలదు. డేటా దాచే గదులు, అంటే సెల్స్, సమంగా అరగాలని డ్రైవే కొత్త రాతని వేరే సెల్స్‌కి మళ్లిస్తుంది, పాతది ఎక్కడో మిగిలిపోవచ్చు. డ్రైవు మొత్తాన్ని లోపల్నుంచే చెరిపే సెక్యూర్ ఎరేజ్ అని తయారీ కంపెనీ ఇస్తుంది, అది నడపాలి. డిస్కు మొత్తాన్ని తాళం వేసి దాచే విండోస్ బిట్‌లాకర్ మొదట్నుంచీ ఆన్‌లో ఉంటే దాని తాళం చెరిపేసినా సరిపోతుంది. ఇవి చేశాక బడికి ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు.

అరండల్‌పేట సీఏ
నాకు ఉంది. చెరిపామన్న మాట ఎవరు నమ్మాలి? 2022 సెప్టెంబరులో అమెరికా ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ 3.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. డేటా చెరపడంలో అనుభవం లేని సామాన్ల రవాణా కంపెనీకి డిస్కులు అప్పజెప్పింది. కొన్ని చెరపకుండానే ఆన్‌లైన్ వేలంలో తేలాయి. అంత పెద్ద సంస్థకే అలా అయితే మన ఆఫీసు కుర్రాడు ఫార్మాట్ కొట్టాడంటే ఎలా ఒప్పుకుంటాం? డిస్కులు విప్పి పెట్టుకుని సీపీయూ ఇవ్వండి.

అసలు ఏవి పారేయొచ్చో ముందు తేల్చండి. జీఎస్టీ లెక్కలైతే సెక్షన్ 36 ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి, అప్పీలు నడుస్తుంటే ఇంకా ఎక్కువ. కంపెనీల ఖాతా పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు. గడువు దాటినవి ఉంచుకోవడం కూడా ప్రమాదమే. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం పని అయిపోయిన వ్యక్తిగత డేటాని చెరిపేయాలి. భద్రతలో విఫలమైతే జరిమానా 250 కోట్ల వరకూ వెళ్లొచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల వ్యవధి ఇచ్చారు.

ఆటోనగర్ స్పేర్స్
మేడమ్, ఆ చట్టం డిజిటల్ డేటాకే కదా? ఉత్త కాగితానికి వర్తించదు. చిన్న ఆఫీసు మీద ఇంత బరువు పెడితే ఎలా? అంత భయమైతే ఏటి ఒడ్డున తగలబెడితే పోలా?

అరండల్‌పేట సీఏ
స్కాన్ చేసి కంప్యూటర్లో పెడితే అదీ డిజిటలే అండి. అయినా చట్టం లేదని క్లయింటు ఆధార్ వీధిన పడేస్తామా? అతను మన మొహం చూసి ఇచ్చాడు.

బ్రాడీపేట సర్వీస్
తగలబెట్టే మాటే వద్దన్నా. 2024 జులైలో కృష్ణా కరకట్ట మీద ప్రభుత్వ ఫైళ్లు కాలుస్తుంటే స్థానికులు అడ్డుకున్నారు. సగం కాలిన కాగితాలు టీవీల్లోకెక్కాయి. కట్టగా ఉన్న ఫైలు అంచులే మాడతాయి, లోపలికి గాలి చేరదు. నిలువుగా చీల్చే చవక ష్రెడ్డరూ పనికిరాదు. 1979లో టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీ అలా చీల్చిన పత్రాలను ఇరానీయులు పీలికలు అతికించి చదివేశారు. అడ్డంగా, నిలువుగా రెండు వైపులా కోసేది తీసుకోండి. అన్ని సంచులూ అక్కర్లేదు. సంతకం, నంబరు, ఫొటో ఉన్నవి విడదీసి కోయండి. ఉత్త క్యాష్ బిల్లులు తూకానికి వేసుకోండి.

గవర్నర్‌పేట అకౌంటెంట్
మీ మాటలన్నీ సార్‌కి చదివి వినిపించాను. కాగితాలకి ఒప్పుకున్నారు. బడి విషయంలో మేడమ్ చెప్పినట్టే, డిస్కులు విప్పి ఇస్తాం. కొత్త ఎస్‌ఎస్‌డీలు సార్ సొంత డబ్బుతో కొనిస్తామన్నారు. సర్దుతుంటే డ్రాయరులో గడువు తీరిన డిజిటల్ సంతకం టోకెన్లు (పెన్‌డ్రైవ్ లాంటివి), అందరి పోర్టల్ పాస్‌వర్డులూ రాసిన నోటుబుక్కు దొరికాయి. అవేం చేయాలి? జిరాక్స్ మిషన్ సోమవారం వెనక్కి వెళ్తుంది.

బ్రాడీపేట సర్వీస్
నోటుబుక్కు కోసేముందు పాస్‌వర్డులన్నీ మార్పించండి. టోకెన్లు క్లయింట్లవి, సంతకం పెట్టించుకుని తిరిగిచ్చేయండి. అన్నిటికంటే ముందు జిరాక్స్ మిషన్ చూడండి. పెద్ద మిషన్లలో హార్డ్ డిస్క్ ఉంటుంది, తీసిన కాపీల బొమ్మలు అందులో నిలవుండొచ్చు. సెట్టింగుల్లో డిస్క్ ఓవర్‌రైట్ ఉంటే ఆదివారం రాత్రే పెట్టి వదిలేయండి. లేకపోతే వాళ్ల టెక్నీషియన్ని పిలిపించి మీ ఎదురుగానే డిస్కు తీయించండి. తీసిన డిస్కు మీద సీరియల్ నంబరు ఉంటుంది, అది రాసిన కాగితం మీద అతని సంతకం తీసుకున్నాకే మిషన్ని మెట్లు దిగనివ్వండి.