రింగ్‌లో ట్రాఫిక్ బానే ఉంది, అమలాపురం రాజోలు నోడ్‌లు మాత్రం ఎన్‌ఎంఎస్‌లో (నోడ్‌లన్నిటినీ దూరం నించి చూసే సిస్టం) రావట్లేదు

గట్టుమీద_ఫైబర్:
నమస్తే అండి అందరికీ. మాది పాత ఎస్‌డీహెచ్ (ఫైబర్ మీద టెలికాం ట్రాఫిక్ మోసే పద్ధతి) రింగ్, స్పీడు ఎస్‌టీఎం-16. తణుకు, రావులపాలెం, అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం, మళ్ళీ తణుకు. వశిష్ఠ గోదావరిని రెండు చోట్ల దాటుద్ది, సిద్ధాంతం వంతెన దగ్గర ఒకసారి, చించినాడ వంతెన దగ్గర ఒకసారి. గేట్‌వే నోడ్ (ఎన్‌ఎంఎస్ రింగ్‌లోకి వెళ్ళే ద్వారం) తణుకులోనే, ఎన్‌ఎంఎస్ సర్వర్ కూడా అదే లాన్‌లో ఉంది.
ఇప్పుడు సంగతేంటంటే దిండి దగ్గర చెరువు తవ్వుతూ పొక్లెయిన్ వాడు కేబుల్ లేపేశాడు (మా ఏరియాలో ఇది మామూలే, వర్షం కన్నా రొయ్యల చెరువులకే ఎక్కువ భయపడతాం). స్ప్లైసింగ్ అయిపోయింది, అదే టైంలో రాజోల్లో పాలకొల్లు వైపు కార్డు లేజర్ వీక్‌గా ఉందని మార్చారు, సేమ్ కార్డు దొరక్క వేరే రకం పెట్టి పోర్టు కొత్తగా ప్రొవిజన్ చేశారు (సెట్టింగులు మొదట్నించీ పెట్టారు). ట్రాఫిక్ వచ్చేసింది, కస్టమర్ల గోల లేదు. కానీ కట్ అయిన దగ్గర్నుంచి అమలాపురం, రాజోలు రెండూ ఎన్‌ఎంఎస్‌లో బూడిద రంగులోనే ఉన్నాయి, పింగ్ కూడా పోట్లేదు. మిగతా నాలుగూ శుభ్రంగా ఓపెన్ అవుతున్నాయి. కట్ అయినప్పుడు పోయాయంటే సరే, అతికించాక రావాలి కదా? మా పైఆయన లాప్‌టాప్ పట్టుకుని రాజోలు పొమ్మంటున్నారు, ఈ వానల్లో వెళ్ళేముందు ఇక్కణ్ణించే ఏమైనా చూడొచ్చా?

కేబుల్_రాజు:
సర్వర్‌లో ఏఆర్పీ క్యాష్ (ఏ ఐపీ ఏ హార్డ్‌వేర్ అడ్రస్‌దో గుర్తుపెట్టుకునే పట్టిక) క్లియర్ చేసి, ఐపీ మాస్క్ ఒకసారి చూసి, అప్పటికీ రాకపోతే రావులపాలెం కంట్రోలర్ కార్డు రీసెట్ కొట్టండి బ్రో. మాకు చాలాసార్లు అలాగే వచ్చింది.

పాతకాపు_ఎస్‌డీహెచ్:
రాజు గారూ, రీసెట్ మాట అప్పుడే ఎందుకండి, పాత బాక్సుల్లో ఒక్కటే కంట్రోలర్ ఉంటే అది మళ్ళీ లేవకపోతే ఉన్న నాలుగు నోడ్‌ల్లో ఒకటి తగ్గుద్ది. ఏఆర్పీ క్లియర్ చెయ్యడం వల్ల నష్టం లేదు, చేసుకోవచ్చు, కానీ పక్కపక్కనే ఉన్న రెండు నోడ్‌లు ఒకేసారి పోయాయంటే ఐపీ సమస్య అనిపించట్లేదు నాకు.

గట్టుమీద గారూ, మీరు రాసిందాంట్లో అసలు పాయింట్ మీరే దాటేశారు. "కట్ అయినప్పుడు పోయాయంటే సరే" అన్నారు చూడండి, సరే కాదండి అది. రింగ్‌లో ఒక్కచోట తెగితే ఏ నోడూ మాయమవకూడదు, రెండో వైపు నించి కనపడాలి. రాజోలు, పాలకొల్లు మధ్య తెగితే రావులపాలెం, అమలాపురం మీదుగా రాజోలు రావాలి. రాలేదంటే అటుపక్క మేనేజ్‌మెంట్ దారి ముందే చచ్చి ఉంది, ఇటుపక్క బాగున్నన్నాళ్ళు ఎవరికీ తెలీలేదు.

ట్రాఫిక్ ఉంది కదా అని అనుకోకండి, ట్రాఫిక్, మేనేజ్‌మెంట్ రెండూ ఒకే ఫైబర్‌లో వెళ్తాయిగానీ ఒకటి కాదు. ప్రొటెక్షన్ స్విచింగ్ (తెగితే ట్రాఫిక్‌ని రెండో వైపు తిప్పడం) కే1, కే2 బైట్‌లతో నడుస్తుంది, మేనేజ్‌మెంట్ డీసీసీలో (నోడ్‌లు ఎన్‌ఎంఎస్‌తో మాట్లాడే ఛానెల్) వెళ్తుంది, అంటే డీ1 నుంచి డీ3 బైట్‌ల వరకు 192 కేబీపీఎస్, లేదా డీ4 నుంచి డీ12 వరకు 576 కేబీపీఎస్. పోర్టులో డీసీసీ ఎనేబుల్ చెయ్యకపోయినా, ఇటు ఒకటి అటు ఒకటి పెట్టినా ట్రాఫిక్‌కి ఈగ వాలదు. కొత్తగా ప్రొవిజన్ చేసిన కార్డంటే నా అనుమానం మొదట అక్కడే.

ముందు రావులపాలెం, పాలకొల్లు రెండిట్లోకీ లాగిన్ అయ్యి ఓఎస్‌పీఎఫ్ (నోడ్‌లు ఒకదాన్నొకటి కనుక్కుని దారులు తెలుసుకునే ప్రొటోకాల్) నైబర్ లిస్ట్ చూడండి. రింగ్‌లో ప్రతి నోడ్‌కీ డీసీసీ మీద ఇద్దరు నైబర్లు ఉండాలి. డీసీసీ అలారాలు కూడా చూడండి, ఎవరైనా చూశామని ఎకనాలెడ్జ్ చేసి వదిలేసినవి సహా.

గట్టుమీద_ఫైబర్:
మీరన్నట్టే ఉందండి. పాలకొల్లులో భీమవరం ఒక్కటే నైబర్, రాజోలు వైపు పోర్టులో డీసీసీ ఫెయిల్, కట్ అయిన టైం నించి. రావులపాలెంలో తణుకు ఒక్కటే, అమలాపురం వైపు కూడా డీసీసీ ఫెయిల్ ఉంది, అది మాత్రం చాలా పాతది, ఎవరో ఎకనాలెడ్జ్ కొట్టేశారు కాబట్టి పాత లిస్ట్ అడుగున పడి ఉంది. రావులపాలెం పోర్టులో డీ1-డీ3 సెట్ అయ్యుంది. ఇప్పుడు రాజోలు వెళ్ళాలా అమలాపురం వెళ్ళాలా?

పాతకాపు_ఎస్‌డీహెచ్:
ఎక్కడికీ వెళ్ళకండి ఇప్పుడే. రాజోల్లో కొత్త పోర్టు మీ చేతికి అందదు, కానీ రావులపాలెం అందుతుంది కదా. అమలాపురం పోర్టు డీ4-డీ12లో ఉందేమో, మీకు కనపడదు కాబట్టి ఇటువైపు దాన్నే మార్చి చూడండి. రావులపాలెంలో అమలాపురం వైపు పోర్టు మాత్రమే, పొరపాటున తణుకు వైపు దాన్ని ముట్టుకుంటే కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే, అప్పుడు రావులపాలెం కూడా పోద్ది. మార్చి కాసేపు ఆగండి, అలారం పోయి నైబర్ వస్తే అమలాపురంతోపాటు రాజోలు కూడా ఆ దార్లోనే వచ్చేస్తుంది, అప్పుడు ఇక్కణ్ణించే రాజోలు పోర్టులో డీసీసీ ఎనేబుల్ చేసుకోవచ్చు.
అలారం పోయీ నైబర్ రాకపోతే అది వేరే కథ, లేయర్-2 (రెండు పోర్టుల మధ్య లింక్ ప్రొటోకాల్) చూడాలి, ఒకవైపు పీపీపీ ఇంకోవైపు ఎల్‌ఏపీడీ ఉందా, ఎల్‌ఏపీడీ అయితే ఒక వైపు యూజర్ ఒక వైపు నెట్‌వర్క్ రోల్ ఉండాలి, రెండూ యూజర్ పెడితే లేవదు. నైబర్ వచ్చి ఎక్స్‌స్టార్ట్ దశలో ఆగిపోతే ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) తేడా, అస్సలు రాకపోతే ఏరియా ఐడీ గానీ హెలో టైమర్ గానీ తేడా.
వెళ్ళక తప్పదనుకున్నా రాజోలు దాకా అక్కర్లేదు, అమలాపురంలో లాప్‌టాప్ పెట్టి కూర్చుంటే రెండూ దొరుకుతాయి, ఆ రెండిటి మధ్య లింక్ మీద మీకు కంప్లయింట్ లేదు కదా.

డీడబ్ల్యూడీఎం_కుర్రోడు:
ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నా, డీడబ్ల్యూడీఎం (ఒకే ఫైబర్‌లో చాలా తరంగదైర్ఘ్యాలు పంపేది) రింగ్ అయితే డీసీసీ బదులు ఓఎస్‌సీ (మేనేజ్‌మెంట్‌కి విడిగా పెట్టిన కాంతి ఛానెల్) చూడాలి, మామూలుగా 1510 నానోమీటర్లలో ఉంటుంది. అది ఆంప్లిఫయర్ లోంచి పోదు, ప్రతి నోడ్‌లో బయటికి తీసి మళ్ళీ కలుపుతారు. కాబట్టి ఆంప్లిఫయర్ పోయి ట్రాఫిక్ పడిపోయినా మేనేజ్‌మెంట్ ఉండొచ్చు, దానికి తిరగబడీ జరగొచ్చు. మా దగ్గర ఒక ప్యాచ్ కార్డ్ బాగా వంగిపోయి ఓఎస్‌సీ పవర్ మాత్రమే హద్దు కన్నా కిందికి పడిపోయింది, దాన్ని సరిచేసి కనెక్టర్ తుడిచాక వచ్చేసింది.

గట్టుమీద_ఫైబర్:
ఆయ్, అయిపోయిందండీ! రావులపాలెంలో డీ4-డీ12 పెట్టగానే టీ తాగి వచ్చేలోపు అమలాపురం ఆకుపచ్చ అయ్యింది, దాని వెనకాలే రాజోలు. రాజోల్లో కొత్త పోర్టు డీసీసీ డిజేబుల్‌లో ఉంది, ఎనేబుల్ చేస్తే పాలకొల్లులో రెండో నైబర్ వచ్చేసింది. పైఆయన నమ్మట్లేదు, రాజోలు వెళ్ళకుండా ఎలా వచ్చిందని. రింగంతా డీ1-డీ3లో ఉంది, ఈ అమలాపురం పోర్టు ఒక్కటే వేరు, దాన్ని కూడా మార్చెయ్యొచ్చా?

పాతకాపు_ఎస్‌డీహెచ్:
మార్చుకోండి, రెండు వైపులా దారి వచ్చిందిగా, ఇప్పుడు ఆ లింక్ డీసీసీ పడినా అమలాపురం రాజోలు మీదుగా ఉంటుంది. ముందు అమలాపురం వైపు, తర్వాత రావులపాలెం వైపు. ఆ తర్వాత మెయింటెనెన్స్ టైంలో ఒక్కో లింక్ డీసీసీ ఆపి ఆరు నోడ్‌లూ కనపడుతున్నాయో లేదో చూసి మళ్ళీ వెయ్యండి. తణుకు, భీమవరం మధ్యది కూడా వదలకుండా చూడండి. ఇంకోటి, రాజోలు కార్డు మార్చిన వాళ్ళ చెక్‌లిస్ట్‌లో డీసీసీ అని ఒక లైను రాయించండి.