‘నషాళానికంటడం’: రుచా, వాసనా?

ప్రశ్న: “ఆవఘాటు నషాళానికంటింది” అంటాం కదా. కారం నాలుకకు తెలుస్తుంది, ఘాటు ముక్కుకు తెలుస్తుంది. అలాగైతే మొదటిది రుచి, రెండోది వాసన అనుకోవచ్చా?

జవాబు: రెండూ కావండీ. రుచిమొగ్గలు పట్టేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగులు, మాంసంలాంటివాటి కమ్మదనం). షడ్రుచుల లెక్కలో కారం ఉన్నా, శరీరం లెక్కలో అది స్పర్శ, నొప్పుల పద్దులోకి వస్తుంది. మిరపలోని క్యాప్సైసిన్ తాకేది నాడుల కొసల్లోని టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని (పసిగట్టే ప్రొటీన్‌ని). సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడికి స్పందించేదీ అదే. కాబట్టి “నోరు మండుతోంది” అనడం ఉపమానమేమీ కాదు! ఉప్పు తగిలిన వేలికి ఉప్పదనం తెలియదు, మిరపకాయలు తరిగిన వేళ్లు మాత్రం మండుతాయి.

ఘాటు సంగతి వేరు. ఆవగింజ నలిగి తడి తగిలితేనే అందులోని ఎంజైము పనిచేసి ఘాటు నూనె పుడుతుంది. చన్నీళ్లతో నూరి పది నిమిషాలు ఆగితే బాగా ఎక్కుతుంది. మరుగునీళ్లు పోస్తే ఎంజైము చచ్చి, పిండి చప్పగా, చేదుగా మిగులుతుంది. తాలింపులో చిటపటలాడిన గింజకు ఘాటు లేనిదీ ఇందుకే. క్యాప్సైసిన్ గాలిలోకి అంతగా లేవదు కనుక నోట్లోనే ఉంటుంది, ఆవలోని ఆ ఘాటు నూనె ఆవిరై గొంతు వెనకనుంచి ముక్కులోకి పోతుంది. అక్కడ దాన్ని పట్టేది వాసననాడి కాదు, ముఖానికి స్పర్శ, నొప్పి తెలిపే ట్రైజెమినల్ నాడి. దాని మూడు కొమ్మలు నుదురు–కళ్లు, ముక్కు–పైదవడ, కిందిదవడ–నాలుకలకు వెళ్తాయి. ఒకచోట కుడితే కళ్లూ ముక్కూ కలిసి కారడం అందుకే. ‘నషాళం’ అన్నవాళ్లు చోటు భలే పట్టారు.

ఇంకొకరు: ఒక చేర్పు. వాసన పూర్తిగా పోయినవాళ్లకూ అమ్మోనియా ఘాటు తెలుస్తుంది. అందుకే వాసన పరీక్షకు కాఫీపొడిలాంటివి వాడాలి, అమ్మోనియా పనికిరాదు. వగరు కూడా చాలావరకు స్పర్శే: టానిన్లనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేయడంతో జారుడు పోయి నాలుక పిడచకడుతుంది.

అడిగినవారు: మరి విరుగుడు?

జవాబు: కారానికి పాలు, పెరుగు. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నీళ్లు తాగితే నోరంతా పులుముకుంటుంది. ఆవఘాటుకు ముక్కుతో పీల్చి నోటితో వదలండి, ఆవిరి మళ్లీ పైకెక్కదు. కాసేపట్లో అదే దిగుతుంది.