భారత్, ఆసియాల మధ్య ఉన్న టెథిస్ సముద్రం మూసుకున్నది 5.9 కోట్ల ఏళ్ల కిందటా, 5 కోట్ల ఏళ్ల కిందటా?

భారత్–ఆసియా ఢీకి కాలరేఖ గీస్తుంటే ఒకచోట లెక్క కుదరడం లేదు. తెలిసినవాళ్లు చెప్పగలరా?

దక్షిణ టిబెట్‌లోని సాంగ్‌డాన్‌లిన్ దగ్గర, భారత్ అంచు మీద పేరుకున్న పొరల్లో ఆసియా వైపు నుంచి కొట్టుకొచ్చిన జిర్కాన్లు (వయసు కొలవడానికి పనికొచ్చే ఖనిజపు గింజలు) దాదాపు 5.9 కోట్ల ఏళ్ల కిందటే కనిపిస్తాయి. లడఖ్ వైపు జన్‌స్కార్‌లో మాత్రం సముద్రపు సున్నపురాయి సుమారు 5 కోట్ల ఏళ్ల కిందటి దాకా ఉంది, అంటే అప్పటిదాకా అక్కడ సముద్రం ఉన్నట్టే. తేడా 90 లక్షల ఏళ్లు. భారత్ ఏడాదికి సగటున 12 సెంటీమీటర్లు కదిలిందనుకున్నా 1,080 కిలోమీటర్లు! అంత మేర ఏమైంది?

లడఖ్‌లోని సో మొరారి ఎక్లోజైట్‌లో (లోతున గొప్ప ఒత్తిడికి మారిన రాయి) కోసైట్ (విపరీతమైన ఒత్తిడిలో ఏర్పడే సిలికా రూపం) దొరికింది, అంటే ఖండపు రాయి కనీసం 90 కిలోమీటర్ల లోతుకు దిగింది. దాని వయసు 5.3 నుంచి 4.7 కోట్ల ఏళ్ల మధ్య చెబుతారు. ఇది రెండో అంకె వైపే మొగ్గుతుంది కదా?

జిర్కాన్ల చిక్కు తెలిసిందే. గింజలో యురేనియం క్షయమై పుట్టే సీసాన్ని బట్టే వయసు లెక్కిస్తాం; ఆ సీసం కారిపోతే ఒక్క గింజ వయసు అబద్ధంగా చిన్నదవుతుంది. అందుకే కనీసం మూడు గింజలు ఒకే వయసు చూపిస్తేనే తీసుకున్నా. అయినా అది పొర వయసుకు గరిష్ఠ హద్దే, పొర అంతకంటే చిన్నదై ఉండొచ్చు.

నా ప్రశ్న: మొదట తాకింది ఆసియా అంచేనా, లేక సముద్రం మధ్యలోని ద్వీపచాపమా (అగ్నిపర్వత దీవుల వరుస)? రెండోదైతే, సింధు–సాంగ్పో కుట్టులో (రెండు ఖండాలు అతుక్కున్న గీత) దాని అగ్నిశిలలను ఆసియావాటి నుంచి విడదీయడానికి ఏ కొలత నమ్మొచ్చు? హాఫ్నియం ఐసోటోపులా (శిలాద్రవం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవి), పురాఅయస్కాంత అక్షాంశమా (రాయిలో మిగిలిన అయస్కాంతత్వం చెప్పే, అది ఏర్పడినప్పటి అక్షాంశం)?