అప్‌డేట్: చేతి మీటరులో గాలి వేగం, ఉష్ణోగ్రత రీడింగుల తేడా

గాలి వేగాన్ని, ఉష్ణోగ్రతను కొలిచే చేతి మీటరు ఒకే చోట వేర్వేరు వేగాలను, నీడలోని థర్మామీటరు కన్నా ఎక్కువ ఉష్ణోగ్రతను ఎందుకు చూపుతోందని ఇంతకుముందు అడిగాను. మీ సలహాలు పాటించాక కారణాలు స్పష్టమయ్యాయి. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఉష్ణోగ్రత సంగతి త్వరగానే తేలింది. నేరుగా ఎండ తగిలితే సెన్సారు గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి, మీటరును నీడలో గాలి ఆడేచోట ఉంచి, అంకె నిలకడకు వచ్చేదాకా ఆగితే తేడా దాదాపు పోయింది.

ఎక్కువ శ్రద్ధ కోరేది గాలి వేగమే. చెయ్యి పూర్తిగా చాచి, శరీరం గాలికి అడ్డు రాకుండా పక్కకు నిలబడి, మీటరులో గాలికి తిరిగే చిన్న ఫ్యాను ముఖం గాలి వచ్చే దిక్కుకు సూటిగా ఉండేలా పట్టుకోవాలి. అది బాగా పక్కకు తిరిగితే వేగం తక్కువగా నమోదవుతుంది. ఇంత చేసినా అంకె మారుతూనే ఉంటుంది, ఎందుకంటే గాలి స్వభావమే అది. అందువల్ల క్షణకాలపు అంకెను నమ్మకుండా, కొన్ని నిమిషాల సగటును, గరిష్ఠ వేగాన్ని విడివిడిగా రాసుకుంటున్నాను. ఇవి వాతావరణ కేంద్రం అంకెలతో సరిపోలకపోవడం మీటరు లోపం కాదని నాకిప్పుడు నమ్మకం కుదిరింది: అక్కడ ప్రామాణికంగా 10 మీటర్ల ఎత్తున కొలుస్తారు, నేల దగ్గర గాలి నెమ్మదిస్తుంది. పోల్చేముందు యూనిట్ కూడా చూసుకోవాలి. సెకనుకు 1 మీటరు అంటే గంటకు 3.6 కిలోమీటర్లు.