మాండలిక పదకోశంలో పదం చేర్చడానికి లాగిన్ తప్పనిసరి చేయాలా?

పదసేకర్త:
మన పదకోశం సైట్‌లో ఇప్పటివరకు ఎవరైనా పేరు చెప్పకుండానే పదం చేర్చగలుగుతున్నారు. గత నెలలో జూదం ప్రకటనలు పదాల రూపంలో వచ్చి పడ్డాయి. వాటిని ఏరివేయడానికి ముగ్గురం వారం రోజులు కూర్చోవలసి వచ్చింది. అందుకే మొబైల్ నంబరు, ఓటీపీలతో సభ్యత్వ నమోదు తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

కోడ్‌కాపరి:
నమోదు అవసరమే, కానీ ఓటీపీ వద్దు. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం పంపేవారి గుర్తింపును, సందేశం నమూనాను టెలికం సంస్థల వద్ద ముందే నమోదు చేయించాలి. ఆపై ప్రతి సందేశానికీ డబ్బు కట్టాలి. ఈమెయిల్, పాస్‌వర్డ్ చాలు. పాస్‌వర్డ్‌ను మాత్రం బీక్రిప్ట్ అనే పద్ధతితో హ్యాష్ చేసే, అంటే తిరిగి చదవలేని రూపంలోకి మార్చే దాచాలి. 2009లో రాక్‌యూ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ నుంచి బయటపడిన 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టుగా దాచినవే కనుక, దొంగలకు వాటిని ఛేదించే పనే లేకపోయింది.

డల్లాస్ వాసి:
నేను అమెరికా వచ్చాక రీచార్జి చేయక నా పాత నంబరు రద్దయింది. రద్దయిన నంబరును 90 రోజుల తరువాత మరొకరికి ఇవ్వవచ్చన్న సంగతి, నా బ్యాంకు ఓటీపీలు ఎవరికో వెళ్తున్నాయని తెలిసిన రోజునే నాకు తెలిసింది. ఫోన్ నంబరే మనిషి గుర్తింపు అనే పద్ధతిని నేను ఒప్పుకోను.

అక్షరప్రియ:
సభ్యనామం తెలుగులో పెట్టుకోవచ్చా?

కోడ్‌కాపరి:
పెట్టుకోవచ్చు, కానీ జాగ్రత్త అవసరం. ‘పైరు’ అనే పేరులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అన్ని లిపులకూ వాడే సంకేత పట్టికలో, ఒకే గుర్తుగానూ, రెండు గుర్తులు కలిపి కూడా రాయవచ్చు. కంటికి ఒకటే, కంప్యూటరుకు వేర్వేరు. సరిచూడకముందే పేర్లను ఒకే రూపానికి తేకపోతే ఒకే పేరుతో ఇద్దరు సభ్యులు తయారవుతారు. తెలుగు పాస్‌వర్డ్‌లకూ ఒక హద్దు ఉంది. బీక్రిప్ట్ 72 బైట్ల వరకే చూస్తుంది, యూనికోడ్ గుర్తులను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు. అంటే 24 గుర్తులు. ‘శ్రీ’ ఒక్కటే అందులో నాలుగు (శ, పొల్లు, ర, గుడిదీర్ఘం) తీసుకుంటుంది.

పదసేకర్త:
మీరు బైట్లు లెక్కిస్తున్నారు. నాకు పదాలు చెప్పే పెద్దలకు ఈమెయిల్ లేదు, ఫోన్ మాత్రమే ఉంది.

కోడ్‌కాపరి:
వారి తరఫున సైట్‌లో రాసేది మీరే కదా, వారికి లాగిన్ ఎందుకు?

నేతగాడు:
ఇంతవరకు చదివి ఊరుకున్నాను, ఇక ఊరుకోలేను. పడుగు, పేక, ఆసు, కండె మొదలుకొని 140 నేత పదాలను అర్థాలతో సహా చేర్చింది నేను. ఒక పత్రిక వాటిని తన సేకరణగా అచ్చు వేసుకుంటే, అవి నావని చూపడానికి ఈ సైట్‌లో నా పేరు ఎక్కడా లేదు. లాగిన్ మీకు చెత్త ఆపే తలుపు కావచ్చు, నాకు మాత్రం నా శ్రమకు సాక్ష్యం.

పదసేకర్త:
మీ బాధ అర్థమైంది, కానీ నా భయం కూడా సరిగ్గా అక్కడే ఉంది. పదాలు మా పెద్దమ్మవి. టైపు చేసేది నేను. రేపు లాగిన్ వస్తే ప్రతి పదం కింద నా పేరే కనిపిస్తుంది, ఆవిడ పేరు ఎప్పటికీ కనిపించదు. నేను ఓటీపీ కోసం పట్టుబట్టింది ఆవిడ ఫోన్‌తో ఆవిడ పేరుమీదే ఖాతా తెరవవచ్చుననే.

నేతగాడు:
ఆ మాట మొదటే చెప్పవలసింది. నా 140లో సగం మా నాన్నగారివే.

కోడ్‌కాపరి:
అలాగైతే మనకు కావలసినవి రెండు గడులు: చేర్చినవారు, చెప్పినవారు. మొదటిది లాగిన్ నుంచి తనంతట తాను నిండుతుంది. రెండవదాన్ని మనం నింపాలి. అయితే ఎవరి పేరైనా, ఊరైనా బయట పెట్టే ముందు వారి అంగీకారం తీసుకోవాలి. ఇకపై సభ్యుల నుంచి ఏ వివరం అడిగినా 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని దృష్టిలో పెట్టుకొనే అడగాలి.

డల్లాస్ వాసి:
ఫోన్ నంబరు లేకపోతే నాకు అభ్యంతరం లేదు.

పదసేకర్త:
ఆదివారం ఊరికి వెళ్తున్నాను. తన పేరు వేయవచ్చో లేదో పెద్దమ్మనే అడిగి వచ్చి రాస్తాను. అంతవరకు ఓటింగ్ పెట్టవద్దని మనవి.