అప్‌డేట్: మా నాయన పాత లాప్‌టాప్ ఇప్పుడు బాగా నడుస్తోంది

పోయిన నెల అడిగాను కదా, 2011లో కొన్న మా నాయన లాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తే బ్రౌజర్ తెరవగానే బిగుసుకుపోతోందని. 2 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. మీరు చెప్పినవి ఒక్కొక్కటే చేసి చూశాను.

ర్యామ్ ఎంత వాడకంలో ఉందో చూపే ఫ్రీ (free) కమాండ్ కొడితే సంగతి తెలిసింది. రెండు ట్యాబులకే ర్యామ్ నిండిపోయి, మిగతాది స్వాప్‌లోకి, అంటే డిస్క్ మీదికి పోతోంది. డిస్క్ గరగరమని చప్పుడు చేసేది అందుకే. బరువైన గ్నోమ్ డెస్క్‌టాప్ బదులు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టి, జీర్యామ్ (zram) ఆన్ చేశాను. జీర్యామ్ డేటాను కుదించి ర్యామ్‌లోనే ఉంచుతుంది కాబట్టి డిస్క్ దాకా పోయే పని తగ్గింది. స్వాపినెస్ (స్వాప్‌ను ఎంతగా వాడాలో చెప్పే సెట్టింగ్) 60 నుంచి 10కి తగ్గించమని ఒకరు చెప్పారు. జీర్యామ్ ఉన్నప్పుడు అది అక్కర్లేదనిపించి వదిలేశాను.

అయినా మధ్యాహ్నమైతే మళ్లీ నత్తనడకే. తిరుపతి ఎండలు తెలిసినవే. వెనక మూత విప్పితే, ఫ్యాన్ గాలి బయటికి పోయే సందుల్లో దుమ్ము దూదిపొరలా అతుక్కుని ఉంది. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ మార్చాక దాని వేడి 92 డిగ్రీల నుంచి 68కి దిగింది. ఇది ముందే చూడాల్సింది.

చివరికి గాంధీ రోడ్డులో పాత హార్డ్ డిస్క్ బదులు 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) కొని బిగించాను. అన్నిటికన్నా పెద్ద తేడా దీంతోనే. బూట్ కావడానికి రెండున్నర నిమిషాలు పట్టేది, ఇప్పుడు 25 సెకన్లు. నిన్న రాత్రి నాయన తన పెన్షన్ పత్రాలు తనే తెరిచి చూసుకున్నాడు.

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంకో 4 జీబీ డీడీఆర్3 (ఈ పాత లాప్‌టాప్‌కు సరిపోయే రకం) ర్యామ్ దొరికితే అదీ వేస్తాను.